జాంగడ్ మీద వెళ్ళిన రెండు మానిటర్లు

రెండు మానిటర్లలో ఏది కొనాలో తేలక, ఫోనులో వీడియో మీద వీడియో చూస్తూ గోళ్ళు కొరుక్కునే పిల్లలను చూస్తే నాకు జాలి వేయదు, నవ్వొస్తుంది. మీకు కనీసం ఏది ఏదో తెలుసు నాయనా! ఏది ఏదో అమ్మేవాళ్ళకే తెలియని దుకాణంలో పనిచేసినవాణ్ణి నేను. అది కూడా ఉద్యోగ జీవితం చివరి ఏడాదిలో, జుట్టంతా నెరిశాక.

అంతకుముందు నాకు మానిటర్లతో ఏ సంబంధమూ లేదు. సూరత్‌లో రింగ్ రోడ్ బట్టల మార్కెట్లో చీరలు చూపించడం నా పని. మా నాయన తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మావాళ్ళు అలాగే అంటారు. నాకు ఆ రొద పడలేదు. నేసేవైపు వదిలేసి అమ్మేవైపు వచ్చి, తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద కూర్చుని, ఒకదాని మీద ఒకటి చీరలు విప్పుతూ వయసంతా గడిపాను. చీర కొనేవాళ్ళు ఎంత చదువుకున్నవాళ్ళైనా గద్దె మీద కూర్చోగానే పిల్లలైపోతారు. ఏది నచ్చిందో వాళ్ళకంటే ముందు నాకు తెలిసేది. ఈ విషయంలో నాకు కొంచెం గర్వం ఉండేదని ఒప్పుకుంటాను. ఇప్పటికీ ఉంది.

దుకాణంలో మేం ముగ్గురం. మా శేఠ్ గుజరాతీ, మంచివాడు, కానీ ముక్కు మీద కోపం. రెండోవాడు నాకంటే పెద్దవాడైన సేల్స్‌మన్. అందరూ మోటాభాయ్ అని పిలిచేవాళ్ళు, అంటే పెద్దన్న అని. ఆయనకు తెలియని విషయమంటూ ఈ లోకంలో ఉండదు. తెలియకపోయినా ఉండదు.

కరోనా వచ్చింది. మార్కెట్ మూతపడింది. తర్వాత మెల్లగా తెరవనిచ్చారు గానీ ఏం లాభం? పెళ్ళిళ్ళు లేవు, సీమంతాలు లేవు. కట్టుకుని వెళ్ళడానికి చోటే లేనప్పుడు చీర ఎవరు కొంటారు? మిగిలిపోయిన బ్లౌజు ముక్కలతో మాస్కులు కుట్టించి అమ్మాం. జరీ అంచు మాస్కులు. వాటిని కూడా జనం ఊరికే చూసి పోయేవాళ్ళు.

అప్పుడు ముంబైలో ఉన్న శేఠ్ బావమరిది ఒక సలహా ఇచ్చాడు. ఇళ్ళలో కూర్చున్న జనం కంప్యూటర్ల కోసం పడి చస్తున్నారు, కంప్యూటర్ తెరలు ఒక లాట్ ఉంది, తీసుకోమన్నాడు. శేఠ్ తీసుకున్నాడు. ఒక పొద్దున దుకాణం ముందు టెంపో ఆగి, గేమింగ్ మానిటర్లు దిగాయి.

శేఠ్ ఒకదాన్ని వెలిగించి వెనక్కి తిప్పాడు. వీపు మీద ఎర్ర దీపాలు మిలమిలలాడాయి. ఆయన ముఖం వికసించింది. ‘చూశావా మాస్టర్, ఫ్యాన్సీ మాల్!’ అన్నాడు నాతో. మా మార్కెట్లో మెరిసేదల్లా ఫ్యాన్సీయే. గేమింగ్ అనే మాటను ఆయన బనారసీ, బాంధనీ లాంటి రకం పేరనుకున్నాడు. నేనూ అంతే అనుకున్నాను. ఆటలాడే పిల్లల కోసం ప్రత్యేకంగా తెరలు ఉంటాయని మాకెవరు చెప్పారు గనక?

వచ్చినవి రెండు రకాలు. ఒకటి సెకనుకు నూట అరవై ఐదు సార్లు బొమ్మను కొత్తగా వేస్తుంది, రెండోది డెబ్బై ఐదు సార్లే. వేగంగా ఉరికే ఆటలాడేవాళ్ళకు ఈ తేడా ప్రాణంతో సమానమట. పైకి చూస్తే మాత్రం రెండూ కవల పిల్లలు. అదే సైజు, అదే నలుపు, అవే ఎర్ర దీపాలు. తేడా అంతా అట్టపెట్టె మీదా, వీపున అంటించిన కంపెనీ చీటీ మీదా రాసి ఉంది.

ఇక్కడే మేం మా పాతికేళ్ళ అనుభవమంతా ఉపయోగించాం.

మార్కెట్లో ఒక పద్ధతి ఉంది. మిల్లు నుంచి మాల్ రాగానే మిల్లు గుర్తులన్నీ పీకేసి మా దుకాణం లేబుల్ అంటిస్తాం. మాల్ ఎక్కడిదో గిరాకీకి తెలిస్తే రేపు నేరుగా అక్కడికే పోతాడు కదా! కాబట్టి ముగ్గురం కూర్చుని, తడిగుడ్డతోనూ గోళ్ళతోనూ కంపెనీ చీటీలన్నీ శుభ్రంగా గీకేశాం. ఆ చీటీ మీదే వారంటీ నంబర్ ఉంటుందని, అది పోతే కంపెనీవాడు మన ముఖం చూడడని తర్వాత తెలిసింది. అట్టపెట్టెలు చోటు తింటున్నాయని పాత కాగితాలవాడికి ఇచ్చేశాం. పెట్టెల్లో తెరకొకటి చొప్పున వచ్చిన లావుపాటి నల్ల వైర్లు ఎందుకో అర్థం కాలేదు. మోటాభాయ్ వాటిని ఒకదానికొకటి ముడేసి, కిటికీ నుంచి స్తంభం దాకా కట్టి, ఉతికిన మాస్కులు ఆరేశాడు.

‘రెండు రకాలు విడివిడిగా పెడదామా?’ అని అడిగాను. మోటాభాయ్ నన్ను జాలిగా చూశాడు. ‘బట్ట ఒకటే, అంచు ఒకటే, కొంగు ఒకటే. రెండు రకాలు ఎక్కడున్నాయి?’ అన్నాడు. ఇటొకటి అటొకటి తీసి, రెండింటినీ కలిపి ఒకే దొంతరగా పేర్చాడు. ప్రతి కొత్త డిజైన్ చీరకూ ఒక పేరు పెట్టడం మా ఆనవాయితీ. ఈ లాట్‌కు శేఠ్ ‘మందాకిని’ అని పేరు పెట్టాడు. ప్రతి తెర వీపునా మా లేబుల్ అంటించాం. దాని మీద నమస్కారం పెడుతున్న అమ్మాయి బొమ్మ, కింద ‘డ్రై వాష్ మాత్రమే’ అన్న మాట.

గిరాకీ వచ్చింది గానీ నిలవలేదు. ఒకాయన లేబుల్ చదివి, మాస్కు లోపల ఎంతసేపు నవ్వాడో, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంకొకాయన వారంటీ అడిగాడు. ‘రంగు పోదు, అది నా గ్యారంటీ’ అన్నాడు మోటాభాయ్. శేఠ్ రోజురోజుకూ పొట్టివాడైపోతున్నట్టు కనిపించేవాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం సాంచాలవాళ్ళుండే గోడాదరా పేట నుంచి ఒక అమ్మాయి, వాళ్ళ నాన్న వచ్చారు. నాన్న తెలుగువాడని మాట వినకముందే తెలిసింది. భుజాన తువ్వాలు, నడకలో సాంచాల మధ్య ఇరుకు దారిలో తిరిగే మనిషి జాగ్రత్త. అమ్మాయి సూరత్‌లోనే పుట్టి పెరిగింది. శేఠ్ వాట్సాప్‌లో తిప్పిన సరుకుల చీటీ చూసి వచ్చింది. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే ఎప్పుడొస్తుందో నమ్మకం లేదట.

మోటాభాయ్ అలవాటు ప్రకారం వాళ్ళను గద్దె మీద కూర్చోబెట్టి, టీ చెప్పి, దొంతరలోంచి మందాకినిలను ఒకటొకటిగా తీసి వాళ్ళ ముందు పరిచాడు. ‘ఇది చూడు బేటీ, ఇది చూడు, ఇది ఇంకా బాగుంటుంది.’ అన్నీ ఒకేలా ఉన్నాయి. నాలుగోది తీస్తుంటే అమ్మాయి ఆపింది. నేను తెలుగులో పలకరించేసరికి నావైపు తిరిగింది.

‘కాకా, గివన్నీ వద్దు. వన్ సిక్స్‌టీ ఫైవ్ ఏది, సెవెంటీ ఫైవ్ ఏది? గంతే చెప్పు.’

‘రెండూ మంచివే బిడ్డా.’

‘మంచివే, గానీ ఏది ఏది?’

ఇలాంటి చిక్కు వస్తే మేం ఇంకో చీర విప్పుతాం. ఇక్కడ విప్పడానికి ఏముంది? వాళ్ళ నాన్న మధ్యలో అందుకున్నాడు.

‘అన్నా, జర సమజ్ చేసుకో. సాంచాలు బంద్ వడ్డయి, ఇంట్ల కూసున్న. ఈమె ఏందో ఆట ఆడ్తది. ముంబైల ఒక టీమ్ ఉన్నదట, వచ్చే ఐతారం ఆడిచ్చి చూస్తరట. మంచిగ ఆడ్తే జీతమిచ్చి తీస్కుంటరట. మన ఆడివిల్లకు ఆటకు జీతమేంది అని నేనన్న. ఆగలే. ఇగ ఒకటే మాట అనుకున్నం. ఐతారం గెలిస్తె ఆమె ఇష్టం. ఓడితే సోమారం నించి కతర్‌గామ్ల వజ్రాలు సాన వట్టే హీరా ఖాతాకు పోవాలె. మా మామ కొడుకు మాట్లాడి పెట్టిండు.’

‘పాత స్క్రీన్ గిప్పుడే ఖరాబ్ కావాల్నా,’ అంది అమ్మాయి. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి నీళ్ళతో మెరుస్తున్నాయి. ‘కాకా, సెవెంటీ ఫైవ్ మీద ఆడితే ఎదుటోడు నాకు కనవడేలోపు నేను సచ్చిపోత. ఆటల. సమజ్ అయిందా?’

సమజ్ అయింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కానీ చీరల మాస్టర్ గర్వం ఊరుకుంటుందా? పోలిన రెండు రంగుల్లో తేడా పట్టాలంటే చీరను గుమ్మంలోకి తీసుకెళ్ళి పగటి వెలుగులో చూడాలి. మా వృత్తిలో అంతకు మించిన పరీక్ష లేదు. ‘బయటికి తెండి, ఇప్పుడే తేల్చేస్తాను,’ అన్నాను.

దొంతరలో ఒకదాని కింద ఒకటున్న రెండు మానిటర్లను గుమ్మంలోకి మోసుకొచ్చాం. ఇటొకటి అటొకటి పేర్చాం గనక రెండూ చెరో రకం అయి తీరాలి. లోపలి నుంచి పొడుగు వైరు లాగి, బిల్లులు కొట్టే ముసలి కంప్యూటర్‌కు తగిలించి వెలిగించాం. సూరత్ మిట్టమధ్యాహ్నపు ఎండ. నేను అరచేయి అడ్డుపెట్టి, ఒక కన్ను మూసి, ఇటునుంచి చూశాను, అటునుంచి చూశాను. రెండు తెరల మీదా నా మాస్కే కనిపించింది. జరీ అంచు కదా, తళతళలాడుతోంది. ఎదురు దుకాణంవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. మోటాభాయ్ చూపుడువేలితో తెర అంచు రుద్ది, ‘ఎడమవైపుది పోత బాగుంది’ అని, బట్ట నేత చూసినట్టే తీర్పు చెప్పాడు. నాకూ ఎడమదాని ఎరుపు కొంచెం నిండుగా తోచింది.

‘ఎడమది,’ అన్నాను గంభీరంగా.

‘ఎడమది ఫాస్టా?’

‘ఎడమది ఎరుపు బాగుంది.’

అమ్మాయి నాన్న వైపు తిరిగి, ‘పోదాం పా బాపూ,’ అంది.

ఆ మాటకు నా గర్వానికి గాలి తీసినట్టయింది. వాళ్ళను ఆపి ఉన్నదున్నట్టు చెప్పేశాను. చీటీలు పీకేశామని, రెండు రకాలూ కలిసిపోయాయని, ఈ ముసలి కంప్యూటర్ మీద రెండూ ఒకేలా పనిచేస్తాయని, ఏది ఏదో మాకు తెలియదని. వాళ్ళ నాన్న నవ్వాడు. ‘చీటీలెందుకు పీకిన్రే?’ అని అడిగాడు.

అప్పుడు నాకు తోచింది, జాంగడ్ మీద ఇస్తే?

మీకు తెలియకపోవచ్చు, చెబుతాను. సూరత్‌లో చీరలకైనా, వజ్రాలకైనా జాంగడ్ అనే పద్ధతి ఉంది. నమ్మకం ఉన్న మనిషికి సరుకు ఇంటికి ఇచ్చి పంపుతాం. ఇంటిల్లిపాదీ చూసుకుంటారు. నచ్చింది ఉంచుకుంటారు, మిగతావి తెచ్చి ఇచ్చేస్తారు. ఏదీ నచ్చకపోతే అన్నీ తెచ్చిస్తారు. ఎందుకు తెచ్చావని అడగకూడదు, ముఖం చిట్లించకూడదు. అలా అడిగిన వ్యాపారికి మార్కెట్లో మర్యాద ఉండదు.

‘రెండూ ఇంటికి తీసుకుపోండి. నీ కంప్యూటర్‌కు పెట్టి చూసుకో బిడ్డా. ఏది ఫాస్ట్ అయితే అది ఉంచుకో, రెండోది తెచ్చెయ్యి.’

శేఠ్ నన్ను లోపలికి పిలిచి గుడ్లురిమాడు. ‘ఇవి చీరలా? ఎవరీ మనిషి? నీకేమవుతాడు?’

‘మావాడు,’ అన్నాను. ఆ మనిషిని చూసి గంట కూడా కాలేదు. ‘జామీను నేను.’

‘తెరలు పోతే నువ్వూ పో,’ అన్నాడు శేఠ్. అయినా ఇచ్చాడు. గద్దె మీద కూర్చున్నవాణ్ణి ఉత్త చేతులతో పంపడం ఆయనకూ చేతకాదు. మోటాభాయ్ రెండు తెరలనూ చీరల్లాగే తెల్ల గుడ్డలో మూట కట్టాడు. ఆటోలో తండ్రీకూతుళ్ళ ఒళ్ళో చెరొక మూట.

మర్నాడు పిడుగులాంటి కబురు. వాళ్ళ గల్లీలో కరోనా కేసులు బయటపడి, రెండువైపులా వెదురు బొంగులు కట్టి మూసేశారు. లోపలివాళ్ళు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు. సంగతి విని శేఠ్ గల్లాపెట్టె మీద తల ఆనించి కూర్చున్నాడు. తిట్టినా బాగుండును.

మధ్యాహ్నం అమ్మాయి ఫోన్ చేసింది. నమస్తే లేదు, ఏం లేదు.

‘కాకా, రెండిట్లా ఒక్కటే నంబర్ వస్తున్నది. సెట్టింగ్ అంత చూసిన. రెండూ సెవెంటీ ఫైవే. మీ తాన వన్ సిక్స్‌టీ ఫైవ్ అసలు లేనే లేదు. ఝూట్ చెప్పిన్రు.’

‘లేదు బిడ్డా, డబ్బా మీద చూశాను నేను, నా కళ్ళతో...’

‘డబ్బా ఏది?’

పాత కాగితాలవాడికి ఇచ్చేశామని ఎలా చెప్పను? ‘ఎల్లుండే నా మ్యాచ్ కాకా,’ అంది. ఆ గొంతులో కోపం పోయి ఏడుపు వినిపించింది. నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. మా ముగ్గురి మీద, మా గోళ్ళ మీద, చీటీలు గీకిన ఆ తడిగుడ్డ మీద.

శేఠ్ బావమరిది నంబర్ తీసుకుని ముంబైకి ఫోన్ కొట్టాను. ఆ రోజంతా దొరకలేదు, మర్నాడు దొరికాక వినలేదు, విన్నాక ఒకే ఒక ప్రశ్న వేశాడు: ‘డబ్బాలో ఇచ్చిన వైరే పెట్టారా?’

‘ఏ వైరు?’

‘లావుగా, నల్లగా ఉంటుంది. ఒక మూల కోసినట్టు మూతి. ఆ వైరు పెడితేనే పూర్తి వేగం వస్తుంది. మామూలు టీవీ వైరు పెడితే రెండూ డెబ్బై ఐదే చూపిస్తాయి.’

నేను నెమ్మదిగా తలెత్తి కిటికీ వైపు చూశాను. వైరు మీద మాస్కులు గాలికి ఊగుతున్నాయి.

ముడులు విప్పడానికి మోటాభాయ్‌కూ నాకూ తల ప్రాణం తోకకు వచ్చింది. ఆయన చీరల మూటలు కట్టే మనిషి, ముడి వేశాడంటే మళ్ళీ ఎవరూ విప్పలేరు. విప్పుతున్నంతసేపూ ‘నాకు ముందే తెలుసు ఇవి పనికొచ్చేవని’ అంటూనే ఉన్నాడు. చివరికి వంకర పోని వైరు ఒకటి దొరికింది. అప్పటికి శనివారం రాత్రయింది. ఆదివారం పొద్దున్నే దాన్ని సంచిలో వేసుకుని గోడాదరా బయల్దేరాను.

వెదురు బొంగుల దగ్గర ఒక హోంగార్డు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వైరు చూపించి, లోపలికి పంపాలన్నాను. పాలు, మందులు, కూరగాయలు తప్ప ఏదీ పోకూడదన్నాడు. ఆడపిల్ల బతుకు దీని మీద ఉందన్నాను. వైరును అటూ ఇటూ తిప్పి చూసి, ‘కరెంటు వైరు మీద బతుకేంటి?’ అన్నాడు. చెప్పాను. టీమ్, వేగం, నూట అరవై ఐదు. నేను చెబుతున్నకొద్దీ అతని ముఖంలో అనుమానం పెరిగింది. పొమ్మన్నాడు. మ్యాచ్ పదకొండింటికి.

మూల మీద కూరగాయల బండి ఉంది. ఒక కట్ట ములక్కాడలు కొన్నాను. బండివాడు కట్టిన అరటినార తీసేసి, ఆ నల్ల వైరును ములక్కాడల చుట్టూ బిగించి ముడేశాను. మోటాభాయ్ ముడులు విప్పీ విప్పీ నాకూ ఆ విద్య వచ్చేసింది. కట్ట తీసుకుని మళ్ళీ హోంగార్డు ముందు నిలబడ్డాను. అతను కట్టను చూశాడు, నన్ను చూశాడు. ఏం అర్థమైందో ఏమో, తల అటు తిప్పుకుని, ‘కూరగాయలు పోవచ్చు’ అన్నాడు.

ఆ పిల్ల తండ్రి బొంగుల అవతలికి వచ్చి కట్ట అందుకున్నాడు.

‘ములక్కాడలెందుకే అన్నా, మస్తున్నయి ఇంట్ల.’

‘ములక్కాడలు కాదు తమ్మీ, కట్టిన తాడు! తాడు బిడ్డకియ్యి!’

అతను తాడు వైపు చూశాడు. నెమ్మదిగా అర్థమైంది. ములక్కాడలు చంకన పెట్టుకుని పరుగందుకున్నాడు. సాంచాల మధ్య నడిచే ఆ జాగ్రత్తంతా ఎక్కడికి పోయిందో.

నేను అక్కడే, మూసిన టీ బండి పక్కన, గట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి ఫోన్ మోగింది.

‘అన్నా! ఒకదాంట్ల వన్ సిక్స్‌టీ ఫైవ్ వడ్డది! బిడ్డ ఎగురుతున్నది!’

‘ఏ దాంట్లో? ఎడమదా, కుడిదా?’

‘మీరు ఎరుపు బాగలేదన్నరు సూడు, గది.’

కొంచెం బాధేసిన మాట నిజమే. కానీ అంత సంతోషంలో ఆ బాధ ఎంతసేపు నిలుస్తుంది?

మ్యాచ్ మొదలయ్యాక అతను గది బయట నిలబడి నాకు ఫోన్లోనే వర్ణించాడు. తొంగి చూస్తే కూతురు కసురుతుందట. ‘ఉరుకుతున్నరు... ఎవలో కాలుస్తున్నరు... ఈమె సచ్చిందా ఏంది, లేలే, ఇంకొకడు సచ్చిండు... అన్నా, నాకేం సమజ్ అయితలేదు.’ హోంగార్డు కుర్చీ జరుపుకుని నా దగ్గరికి వచ్చాడు. ‘ఏమైంది? ఆ ములక్కాడల అమ్మాయి గెలుస్తోందా?’ అన్నాడు. స్పీకర్ పెట్టాను. ఎండలో ఇద్దరం ఆ ఫోన్ మీదికి వంగి, ఏ ఆటో తెలియని ఆటను, ఏమీ అర్థంకాని మనిషి చెబుతుంటే విన్నాం.

చాలాసేపటికి అతని గొంతు, చాలా మెల్లగా: ‘అన్నా, గెలిచిందో ఓడిందో చెప్తలేదు. నవ్వుతున్నది, ఏడుస్తున్నది. గిట్ల రెండూ చేస్తే ఏంది మతలబ్?’

టీమ్‌లో తీసుకున్నారు. ఆ సాయంత్రం అమ్మాయే ఫోన్ చేసి చెప్పింది. హీరా ఖాతా మాట ఇక ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాకూ కళ్ళు చెమర్చాయి. ఎన్ని పెళ్ళి చీరలు అమ్మినా ఏ పెళ్ళికూతురి కోసమూ అలా కాలేదు.

గల్లీ తెరిచాక తండ్రి ఒక్కడే దుకాణానికి వచ్చాడు. ఆటోలోంచి తెల్ల గుడ్డ మూటలు దించాడు. ఒకటి కాదు, రెండు.

శేఠ్ ముఖం చూడాలి ఆ క్షణాన. ఏది వేగమో తేలిపోయిందని తెలియగానే దాని ధర బాగా పెంచి, కొత్త లేబుల్ కూడా రాసి పెట్టుకున్నాడాయన.

‘టీమోళ్ళే కొత్త కంప్యూటర్, స్క్రీన్ అన్నీ పంపిన్రు,’ అన్నాడు ఆ తండ్రి సిగ్గుపడుతూ. ‘గందుకే జాంగడ్ మాల్ వాపస్ తెచ్చిన. ఆమె ఆడినందుకు కిరాయ ఏమన్న...’

‘జాంగడ్ మాల్‌కు కిరాయా?’ అని, చెవిన పడ్డ ఆ రెండు మాటలూ పట్టుకుని శేఠ్ నిజంగానే నొచ్చుకున్నాడు. పద్ధతి పద్ధతే కదా. ఎందుకు తెచ్చావని అడగలేడు, ముఖం చిట్లించలేడు. రెండు చేతులతో మూటలు అందుకుని, ‘మంచిది భాయ్, మంచిది’ అన్నాడు. ఆ మంచిది ఎంత కష్టంగా బయటికొచ్చిందో మోటాభాయ్‌కూ నాకూ తెలుసు.

అతను టీ తాగాడు. కానీ లేవలేదు. గద్దె దుప్పటి అంచు సర్దుతూ కాసేపు కూర్చుని, నావైపు వంగాడు.

‘అన్నా, గా స్లోది ఉన్నది గద. గది నాకియ్యి. పైకానికే. బిడ్డ ఆడుతుంటే ఎన్క నిలవడనియ్యది. గిప్పుడామె ఆట లైవ్ వస్తదట, పక్క అర్రల కూసొని నేను, ఇంటామె చూస్తం. ఫాస్ట్‌ది ఐతే ఉరుకుడే ఉరుకుడు, కండ్లకు ఆనది. స్లోదాంట్ల ఐతే జర నిమ్మలంగ కనవడ్తది.’

నాకు ఒక్క క్షణం పట్టింది. సాంచా మీద పోగు తెగితే వేగం తగ్గించి చూసే మనిషి అతను. నెమ్మది తెర మీద ఆట కూడా నెమ్మదిగా నడుస్తుందనుకుంటున్నాడు. శేఠ్‌కు తెలుగు రాకపోయినా, ‘పైకం’ అన్న మాట ఏ భాషలో అన్నా అర్థమవుతుంది. గల్లా వెనక నుంచి నన్నే చూస్తున్నాడు. నోరెత్తావో జాగ్రత్త అన్నట్టుంది ఆ చూపు. మోటాభాయ్ అప్పుడే గుడ్డ విప్పి మడత వేస్తున్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. కానీ ములక్కాడలు చంకన పెట్టుకుని పరుగెత్తిన మనిషికి అబద్ధం ఎలా అమ్మను?

‘తమ్మీ, అట్లేం ఉండదు. రెండింట్లోనూ ఆట ఒకే వేగంతో నడుస్తుంది. నీకూ నాకూ రెండూ ఒక్క తీరే కనబడతాయి.’

అతను ఆశ్చర్యపోయాడు. ‘ఒక్క తీరే?’

‘ఒక్క తీరే.’

‘రెండిట్లా నా బిడ్డనే గెలుస్తది గద?’

‘గెలుస్తది.’

‘మరి గింత లొల్లి ఎందుకే అన్నా! ఏది అగ్గువనో గది కట్టియ్యి.’

మా దుకాణంలో అమ్ముడైన మొట్టమొదటి మానిటర్ అదే.